యూకేలో ఉన్న పిల్లలకి టీవీ లైసెన్సు లెటరు వస్తే ఏం చేయాలి

పోయిన దసరాల్లో ఒక రోజు రాత్రి తొమ్మిదిన్నరకి పటమటలో మా పక్కింటి పిన్నిగారు వచ్చి తలుపు కొట్టారు. చేతిలో ఫోను, అందులో వాళ్ళమ్మాయి కొవెంట్రీ నుంచి వాట్సాప్‌లో పంపిన ఫోటో. ఎర్ర అక్షరాలతో ఒక లెటరు. "అమ్మాయ్, ఇది కాస్త చూడు, కోర్టు అంటున్నారు, వెయ్యి పౌండ్లు అంటున్నారు, అసలు దాని గదిలో టీవీయే లేదు కదే" అంటుంటే ఆవిడ గొంతు వణుకుతోంది. లెస్టర్‌లో ఐదేళ్ళు ఉండి వచ్చినదాన్ని కాబట్టి చూడగానే గుర్తుపట్టాను. అది టీవీ లైసెన్సు లెటరు, అంటే అక్కడ టీవీ చూడటానికి ఏటా కట్టాల్సిన డబ్బు గురించి వచ్చేది, నా ఇంటికీ వచ్చేది.

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీల్లో గానీ, గుంటూరు బ్రాడీపేటలో గానీ పిల్లలకి యూనివర్సిటీ, లోను, వీసా, టీబీ టెస్టు దాకా అన్నీ చెబుతారు, సూట్‌కేసులో పచ్చళ్ళు ఎలా ప్యాక్ చేసుకోవాలో కూడా చెబుతారు, కానీ అక్కడ దిగిన నెలకో రెండు నెలలకో తలుపు సందులోంచి లోపల పడే ఈ కాగితం గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. అందుకే ఆ రాత్రి పిన్నిగారికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు చదవండి, ఇక్కడున్న అమ్మానాన్నలు ఇంకా ముఖ్యంగా చదవండి, ఎందుకంటే టెన్షన్ ఎక్కువ పడేది వీళ్ళే.

ముందు కవరు మీద ఎవరి పేరుందో చూడండి. చాలాసార్లు పేరే ఉండదు, "ప్రెజెంట్ ఆక్యుపయర్" అనో "లీగల్ ఆక్యుపయర్" అనో ఉంటుంది, అంటే ప్రస్తుతం ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళకి అని. టీవీ లైసెన్సింగ్ అనేది బీబీసీ తరఫున ఈ డబ్బు వసూలు చేసే వ్యవస్థ పేరు, రోజువారీ పనిలో చాలా భాగాన్ని బీబీసీ కాపిటా అనే కంపెనీకి కాంట్రాక్టుకిచ్చింది. వాళ్ళ దగ్గర దేశంలోని అడ్రసుల జాబితా ఉంటుంది, ఏ అడ్రసుకి లైసెన్సు ఉందో ఏ అడ్రసుకి లేదో అందులో తెలుస్తుంది, లేని అడ్రసులకి లెటర్లు వెళ్తాయి, జవాబు రాకపోతే తర్వాతి లెటరు ఇంకాస్త గట్టిగా ఉంటుంది. అంతకుముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు లైసెన్సు రద్దు చేసుకుని వెళ్ళిపోయినా మీకు లెటరు వస్తుంది. కాబట్టి అది మీ అమ్మాయి మీద పెట్టిన కేసు కాదు, ఆ అడ్రసు గురించి అడుగుతున్న ప్రశ్న. పిన్నిగారికి ఈ ఒక్క మాట అర్థమయ్యాక సగం భయం పోయింది.

మిగతా సగం మా నాన్న తీర్చారు. టీవీ చూడటానికి లైసెన్సేమిటి అని ఆవిడ అడిగితే, మన దగ్గరా ఉండేది కదమ్మా అన్నారు ఆయన. నిజమే, 1948 డిసెంబరు 1న బెజవాడలో ఆకాశవాణి మొదలయ్యేనాటికే దేశంలో రేడియోకి లైసెన్సు ఉంది. మా తాతగారి రేడియోకి ఒక చిన్న పుస్తకం ఉండేదట, ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి పదిహేను రూపాయలు కట్టి అందులో ముద్ర వేయించుకోవాలి, టీవీ వచ్చాక దానికి ఏడాదికి యాభై. తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిస్తే పుస్తకం లేనివాళ్ళు రేడియోని ధాన్యం గాదె వెనక దాచేవాళ్ళని నాన్న చెబుతుంటారు. 1980ల మధ్యలో ప్రభుత్వం అదంతా ఎత్తేసింది కాబట్టి నా వయసు వాళ్ళకి తెలియదు. యూకేలో మాత్రం 1922లో రేడియోకి పది షిల్లింగులతో మొదలై, 1946లో టీవీకీ వచ్చి, ఇప్పటికీ నడుస్తోంది. బీబీసీ అక్కడ తన చానళ్ళలో ప్రకటనలు వేయదు, ఈ డబ్బుతోనే ఎక్కువగా నడుస్తుంది. మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళకి ఇది అర్థం కావాలంటే "ఆ రోజుల్లో రేడియో లైసెన్సు లాంటిదే" అనండి, చాలు.

ఒక్క తేడా ఉంది, పిల్లలు తప్పు చేసేది సరిగ్గా అక్కడే. మన పాత లైసెన్సు పెట్టెకి, అక్కడి లైసెన్సు చూడటానికి. గోడ మీద యాభై అంగుళాల టీవీ ఉండి దాంట్లో నెట్‌ఫ్లిక్స్ తప్ప ఏమీ చూడకపోతే లైసెన్సు అక్కర్లేదు. టీవీ లేకుండా చేతిలో ఫోను మాత్రమే ఉండి, అందులో ఏదైనా టీవీ చానల్ లైవ్‌లో చూస్తే లైసెన్సు కావాలి. "మా దగ్గర టీవీ లేదు కాబట్టి మాకు సంబంధం లేదు" అని మన పిల్లలు నూటికి తొంభైమంది అనుకుంటారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

రూలు రెండు ముక్కలు. ఏ చానల్ అయినా సరే, ఏ పరికరంలో అయినా సరే, ప్రసారం అవుతున్న సమయంలోనే చూసినా, దాన్ని రికార్డు చేసుకున్నా లైసెన్సు ఉండాలి. రెండోది, బీబీసీ ఐప్లేయర్‌లో, అంటే బీబీసీ కార్యక్రమాలు నెట్‌లో చూసే వాళ్ళ యాప్‌లో, ఏది చూసినా, లైవ్ అయినా పాతదైనా, ఉండాలి, ఇది 2016 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ చానల్ లండన్‌దా హైదరాబాద్‌దా అన్న తేడా లేదు. కాబట్టి మన ఇళ్ళల్లో జరిగేవాటితో లెక్క వేసుకోండి: స్కై స్పోర్ట్స్‌లో ఐపీఎల్ మ్యాచ్ లైవ్ చూస్తే కావాలి, 2024 జూన్ 4 లాంటి ఓట్ల లెక్కింపు రోజున యూట్యూబ్‌లో తెలుగు న్యూస్ చానల్ లైవ్ పెట్టుకుని పొద్దున్నించీ కూర్చుంటే కావాలి, ఎస్వీబీసీలో తిరుమల కల్యాణం లైవ్ చూసినా కావాలి, దసరాల్లో ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి అలంకారం ఏ చానల్‌లోనైనా ప్రత్యక్ష ప్రసారం వస్తుంటే దానికీ కావాలి. అదే నిన్నటి సీరియల్ ఎపిసోడ్‌ని ఈరోజు యూట్యూబ్‌లో చూస్తే అక్కర్లేదు, ఆహాలోనో ప్రైమ్‌లోనో సినిమా పెట్టుకుంటే అక్కర్లేదు, వంట వీడియోలకి అక్కర్లేదు, ఎవరో యూట్యూబర్ తన గదిలోంచి లైవ్‌లో మాట్లాడుతుంటే అది టీవీ చానల్ కాదు కాబట్టి దానికీ అక్కర్లేదు. ప్రైమ్‌కి డబ్బు కడుతున్నాం కదా అని ప్రైమ్ యాప్‌లో వచ్చే లైవ్ మ్యాచ్‌ని కూడా ఇందులో కలపకండి, యాప్ చందా వేరు, లైసెన్సు వేరు.

ఈ లెక్క పిల్లలు తమకి తాము నిజాయితీగా వేసుకోవాలి. నేను పిన్నిగారి అమ్మాయికి ఫోన్ చేసి అడిగింది ఒక్కటే, "పోయిన నెల రోజుల్లో ఏదైనా చానల్ లైవ్ చూశావా, సరిగ్గా గుర్తు చేసుకో" అని. రెండు నిమిషాలు ఆలోచించి "అక్కా, ఇండియా మ్యాచ్ రోజు తప్ప ఏమీ చూడలేదు" అంది. ఆ ఒక్క రోజుకీ రూలు వర్తిస్తుందని చెప్పాను. ఇక ముందు చూస్తావా చూడవా నువ్వే తేల్చుకో, చూసేటట్టయితే కట్టు, చూడకపోతే చూడట్లేదని చెప్పు, ఈ రెండూ కాకుండా మధ్యలో ఉండకు అన్నాను.

కట్టాలనుకుంటే వెంటనే కట్టేయకండి, ముందు అద్దె అగ్రిమెంటు తీసి చూడండి, డబ్బు మిగిలేది ఇక్కడే. నలుగురు పిల్లలు కలిసి ఒకే అగ్రిమెంటు మీద ఇల్లు తీసుకుంటే, అంటే జాయింట్ టెనన్సీ అయితే, మామూలుగా ఇల్లంతటికీ ఒకటే లైసెన్సు సరిపోతుంది, నలుగురూ పంచుకోవచ్చు. ఎవరి గదికి వాళ్ళు విడిగా అగ్రిమెంటు రాసుకున్నా, యూనివర్సిటీ హాల్‌లో, అంటే హాస్టల్లో, ఉన్నా, లైవ్ చూసే ప్రతివాళ్ళూ తమ గదికి విడిగా తీసుకోవాలి. హాల్‌లో అందరూ కూర్చునే చోట ఉన్న టీవీకి లైసెన్సు ఉండొచ్చు, అది మీ గదిలోకి రాదు. అక్కడి స్నేహితులు ఇంకో మాట చెబుతారు, "ప్లగ్‌లో పెట్టకుండా బ్యాటరీ మీద ఫోన్లో చూస్తే లైసెన్సు అక్కర్లేదు, నేనెప్పుడూ అలాగే చూస్తాను" అని. అది వాళ్ళకి నిజమే. చదువుకునే పిల్లల అమ్మానాన్నల ఇంటికి లైసెన్సు ఉంటే, కరెంటుకి తగిలించకుండా సొంత బ్యాటరీ మీద నడిచే పరికరానికి ఆ లైసెన్సు వర్తిస్తుంది. మీ అమ్మానాన్నలు ఉండేది పటమటలోనో అరండల్‌పేటలోనో, వాళ్ళకి అక్కడి లైసెన్సు ఉండదు, ఇక్కడ కట్టే కేబుల్ బిల్లు దాని కిందికి రాదు. కాబట్టి ఆ మినహాయింపు మన పిల్లలకి పనికిరాదు. ఈ సంగతి తెలియక ధైర్యంగా ఉన్నవాళ్ళని చాలామందిని చూశాను.

ధర 2025 ఏప్రిల్ 1న ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. 2024లో 169.50, దానికి ముందు 159 ఉండేది, మార్పు వస్తే ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి కట్టేరోజున టీవీ లైసెన్సింగ్ వెబ్‌సైట్‌లో ఎంతుందో చూసుకోండి. మన రూపాయల్లో ఇరవై వేలు ఆ ప్రాంతం, లోను మీద వెళ్ళిన పిల్లకి తక్కువేమీ కాదు. ఒకేసారి కట్టొచ్చు, బ్యాంకు నుంచి నెలనెలా డైరెక్ట్ డెబిట్ పెట్టుకోవచ్చు, పేమెంట్ కార్డు తీసుకుని పేపాయింట్ ఉన్న చిన్న కొట్లలో నగదుగా కూడా కట్టొచ్చు. నెలవారీ పెట్టుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి: కొత్తగా తీసుకున్నప్పుడు మొదటి లైసెన్సు డబ్బంతా ఆరు నెలల్లో లాగేస్తారు, అంటే 2025 ధర మీద నెలకి సుమారు 29 పౌండ్లు, ఆ తర్వాతే అది పద్నాలుగున్నరకి తగ్గుతుంది. నెలకి పద్నాలుగే కదా అనుకుని అకౌంట్‌లో అంతే ఉంచితే మొదటి వాయిదాకే ఇబ్బంది పడతారు. మూడు నెలలకోసారి కట్టే పద్ధతిలో ప్రతి వాయిదాకీ 1.25 పౌండ్లు అదనం, దాని జోలికి వెళ్ళకపోవడమే మేలు.

చూడనివాళ్ళు అదే వెబ్‌సైట్‌లో "నో లైసెన్స్ నీడెడ్" అన్న ఫారం నింపాలి. పేరు, అడ్రసు ఇచ్చి, లైవ్ చూడనని, ఐప్లేయర్ వాడనని చెప్పడమే, పది నిమిషాల పని, డబ్బేమీ లేదు. చెప్పి తీరాలని చట్టం లేదు, అయినా నేను ప్రతివాళ్ళకీ చెప్పమనే చెబుతాను, ఎందుకంటే దాంతో లెటర్లు కొంతకాలం ఆగుతాయి, ఇక్కడ అమ్మానాన్నలకి నిద్ర పడుతుంది. చెప్పాక కూడా నిజమేనా అని చూడటానికి టీవీ లైసెన్సింగ్ మనిషి రావచ్చు. ఇల్లు మారితే పాత అడ్రసుకి చెప్పింది కొత్త అడ్రసుకి రాదు, మళ్ళీ చెప్పాలి. లైసెన్సు ఉన్నవాళ్ళయితే దాన్ని కొత్త అడ్రసుకి మార్చుకోవాలి. నా స్నేహితురాలొకామె పాత ఇంటి మీదే లైసెన్సు కడుతూ కొత్త ఇంట్లో ఏడు నెలలు లైసెన్సు లేకుండా ఉంది, డబ్బు కట్టీ తప్పులో ఉండటమంటే అదే.

ఇక మనిషి రావడం గురించి. ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది జాగ్రత్తగా చదవండి. వచ్చే వాళ్ళు పోలీసులు కారు. మెజిస్ట్రేటు ఇచ్చిన సెర్చ్ వారంటు లేకుండా ఇంట్లోకి వచ్చే హక్కు వాళ్ళకి లేదు, వారంటుతో వచ్చేది చాలా అరుదు. లోపలికి రావద్దు అని మర్యాదగా చెబితే వెళ్ళిపోవాలి. మన పెంపకంలో ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం ఉండదు, పైగా ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని వచ్చిన ఆఫీసరంటే భయం, అందుకని మన పిల్లలు తలుపు తీసేసి, రండి కూర్చోండి అనేసి, అడిగినదానికల్లా యస్ అనేస్తారు. ఆ యస్‌లే వాళ్ళు ఒక ఫారంలో రాసుకుని, చివర సంతకం అడుగుతారు, అది తర్వాత కోర్టులో సాక్ష్యం. కాబట్టి ముందు ఐడీ కార్డు చూపించమనండి. ఒంటరిగా ఉంటే తలుపు తీయక్కర్లేదు, కిటికీలోంచి మాట్లాడినా సరిపోతుంది, తర్వాత రమ్మన్నా సరిపోతుంది. ప్రశ్నలకి జవాబు చెప్పాలన్న బలవంతం లేదు. చెప్పదలిస్తే నిజం చెప్పండి, అర్థంకాని ప్రశ్నకి తలూపకండి, చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. అబద్ధం మాత్రం వద్దు, అది చిన్నదాన్ని పెద్దది చేస్తుంది.

ఆడపిల్లల మాట ఎందుకు విడిగా ఎత్తానంటే, ఈ నేరం కింద శిక్ష పడినవాళ్ళలో ఇటీవలి సంవత్సరాల్లో 70 శాతం పైగా ఆడవాళ్ళే. ఆడవాళ్ళు ఎక్కువ ఎగ్గొడుతున్నారని కాదు, తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉండేదీ, వచ్చి తీసేదీ, ఆగి జవాబు చెప్పేదీ ఎక్కువగా వాళ్ళే. బీబీసీ చేయించిన సమీక్షలో కూడా ఈ కారణం వచ్చింది. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. నలుగురు ఉండే ఇంట్లో అందరూ కలిసి మ్యాచ్ చూస్తే, తలుపు తీసిన పిల్ల పేరే ఫారంలోకి ఎక్కుతుంది. అందుకే ఇల్లు తీసుకున్న మొదటి వారంలోనే నలుగురూ కూర్చుని లైసెన్సు ఎవరి పేరు మీద, ఎవరెంత ఇస్తారు అన్నది తేల్చుకోండి.

కేసు దాకా వెళ్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2003 నాటి కమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా లైవ్ చూడటం నేరం, జరిమానా వెయ్యి పౌండ్ల దాకా వేయొచ్చు, కోర్టు ఖర్చులు దానికి అదనం. ప్రతివాళ్ళకీ వెయ్యి వేయరు, సంపాదన చూసి వేస్తారు. చూసినందుకు జైలు లేదు, కోర్టు వేసిన జరిమానా కట్టకుండా మొండికేస్తే అప్పుడు జైలు దాకా వెళ్ళొచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ కేసులు ఎక్కువగా సింగిల్ జస్టిస్ ప్రొసీజర్ అనే పద్ధతిలో నడుస్తాయి, అంటే ఎవరినీ కోర్టుకి పిలవకుండా ఒక మెజిస్ట్రేటు కాగితాలు చూసి తేల్చేస్తారు. దాని నోటీసు పేరుతో సహా వస్తుంది, ఇది మొదట చెప్పిన లెటరు లాంటిది కాదు. నోటీసు వచ్చాక 21 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మీరు లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. ఎంతోమంది కవరు విప్పకపోవడం వల్లే ఇందులో ఇరుక్కుంటారు. ఆ తర్వాత వీసా పొడిగింపు ఫారంలో కోర్టు శిక్షలేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. అలాంటి నోటీసు వస్తే అదే రోజు యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో సలహా ఇచ్చేవాళ్ళ దగ్గరికో, సిటిజన్స్ అడ్వైస్ అనే స్వచ్ఛంద సంస్థ దగ్గరికో తీసుకెళ్ళండి, ఇద్దరూ డబ్బు తీసుకోరు.

లెటర్లతో పాటు దొంగ ఈమెయిళ్ళు కూడా వస్తాయి, "మీ లైసెన్సు గడువు అయిపోయింది, ఇక్కడ నొక్కి బ్యాంకు వివరాలు ఇవ్వండి" అని. అసలు మెయిల్‌లో మీ పేరో పోస్ట్‌కోడ్‌లో కొంత భాగమో ఉంటుంది, దొంగ మెయిల్ "డియర్ కస్టమర్" అంటుంది. ఎలాంటిది వచ్చినా లింకు నొక్కకుండా బ్రౌజర్‌లో మీరే అడ్రసు టైప్ చేసి వెళ్ళండి. పిల్లలకంటే ముందు ఇక్కడి నాన్నలు కంగారుపడి "కట్టేయమ్మా, కట్టేయ్, డబ్బు పంపిస్తా" అంటారు, దయచేసి అలా అనకండి.

ఈమధ్య మన వైపు నుంచి జర్మనీ వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి దాని సంగతీ చెబుతాను. అక్కడ యూకే లెక్కలేమీ పనికిరావు. 2013 నుంచి టీవీ ఉన్నా లేకపోయినా, చూసినా చూడకపోయినా ఇంటికి ఇంత అని కట్టాల్సిందే, నెలకి 18.36 యూరోలు, దాన్ని రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ అంటారు. ఊళ్ళో అడ్రసు నమోదు చేయించుకోగానే ఆ వివరం ఫీజు వసూలు చేసే ఆఫీసుకి వెళ్తుంది, తర్వాత లెటరు వస్తుంది. చూడనని చెప్పే దారి లేదు. ఒక ఫ్లాట్‌కి ఒకటే కాబట్టి ముగ్గురు కలిసి ఉంటే ఒకరు కట్టి మిగతా ఇద్దరు ఆ కట్టేవాళ్ళ ఖాతా నంబరు రాసి పంపితే సరిపోతుంది. లెటరు పక్కన పడేస్తే ఆ ఇంట్లో చేరిన నెల నుంచి లెక్కగట్టి మొత్తం ఒకేసారి అడుగుతారు, ఆలస్యానికి అదనం వేస్తారు. అక్కడి ప్రభుత్వ విద్యార్థి సాయం తీసుకునేవాళ్ళకి మినహాయింపు ఉంది, మన పిల్లలకి మామూలుగా ఆ సాయం రాదు.

చదువైపోయి ఇంటికి వచ్చేటప్పుడు, విమానం టికెట్టు కొన్నాక చేయాల్సిన పని ఒకటుంది. యూకేలో లైసెన్సు గడువు ఇంకా కనీసం ఒక పూర్తి నెల మిగిలి ఉండి, మీకిక అది అక్కర్లేకపోతే మిగిలిన నెలలకి రీఫండ్ అడగొచ్చు. మొదటి ఆరు నెలల్లోనే ఏడాది డబ్బు కట్టేసి ఉంటారు కాబట్టి మధ్యలో వచ్చేసేవాళ్ళకి బాగానే తిరిగొస్తుంది. ముందు వెబ్‌సైట్‌లో లైసెన్సు రద్దు చేయండి, డైరెక్ట్ డెబిట్ ఆగిందో లేదో బ్యాంకు యాప్‌లో చూసుకోండి, రీఫండ్ పడేదాకా అక్కడి బ్యాంకు అకౌంటు మూసేయకండి. జర్మనీ నుంచి వచ్చేవాళ్ళు ఊళ్ళో అడ్రసు రద్దు చేయించుకున్నంత మాత్రాన ఇది ఆగదు, ఆ కాగితం జతచేసి ఫీజు ఆఫీసుకి విడిగా రాయాలి.